ఎనిమిదో తరగతికి కాన్వెంట్ బడి మార్చాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ నల్లకుంట. మా అమ్మాయి ఆబిడ్స్ దగ్గర ఒక క్యాథలిక్ కాన్వెంట్‌లో స్టేట్ సిలబస్‌తో ఏడో తరగతి చదువుతోంది. ఇంజినీరింగ్ చేయాలని తన కోరిక. అక్కడ ప్రార్థనలకు, ఆటపాటలకే సమయం పోతుందని, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న బడిలో చేర్పించమని మా బావగారు పట్టుబడుతున్నారు. మేము హిందువులం. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి బడి మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఈఏపీసెట్, జేఈఈ రెండూ ఇంటర్ స్థాయి పాఠాల మీద జరిగే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలు. 2023 నుంచి తెలంగాణ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా లేదు. ఎనిమిది నుంచి పది దాకా అమ్మాయికి కావలసింది బీజగణితం, జ్యామితి గట్టిపడడం, పాఠం తనంతట తాను చదివి అర్థం చేసుకోవడం. ఇంటర్ పాఠాలను పదమూడేళ్ల పిల్లకు ముందే ఎక్కించడాన్ని ఫౌండేషన్ అనడం నాకు సమ్మతం కాదు. పదో తరగతి బోర్డు పరీక్ష స్టేట్ సిలబస్ చదివే పిల్లలందరికీ ఒకటే.

ప్రార్థనల విషయంలో మీ ఇంట్లోవారి సందేహం సహజమైనదే. మైనారిటీలు తమ విద్యాసంస్థలను నడుపుకొనే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణం చెబుతోంది. అందుకే ఇలాంటి బడుల్లో సాధారణంగా క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే తమ మతబోధకు, వెళ్లే పీరియడ్‌లో మిగిలినవారికి మోరల్ సైన్స్ ఉంటుంది. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన కొద్ది నిమిషాల పని. 1855లో మొదలైన ఆల్ సెయింట్స్ వంటి బడుల్లో ఈ నగరంలోని అన్ని మతాల పిల్లలూ తరతరాలుగా చదువుతూనే ఉన్నారు. ఇక వక్తృత్వ పోటీలు, హౌస్‌ల వారీ ఆటలు, నాటికలు వృథా అనుకోకండి. నలుగురి ముందు నిలబడి తడబడకుండా మాట్లాడడం ఆ వయసులో అబ్బితే, ఇంజినీరింగ్ చివర ఉద్యోగ ఇంటర్వ్యూలలో అది ఎంత అక్కరకు వస్తుందో నేను కళ్లారా చూస్తున్నాను.

అయితే బడి పేరు చూసి నిశ్చింతగా ఉండమని నేను అనను. ఈ ఆదివారం అమ్మాయి లెక్కల నోటు పుస్తకం తీసి త్రిభుజాల అధ్యాయం చూడండి. ప్రతి మెట్టు పక్కన కారణం రాసిందా? టీచరు ఎర్ర సిరాతో కొట్టేసిన లెక్కను ఆ కిందనే మళ్లీ సొంతంగా చేసిందా, లేక బోర్డు మీది జవాబును దించుకుందా? దించుకున్న లెక్కలే ఎక్కువగా కనిపిస్తే పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగకుండా టీచరును కలవండి. అవసరమైతే ఇంటి దగ్గర ఒక గంట లెక్కల ట్యూషన్ పెట్టించండి. ఫౌండేషన్ బడి కోసం మాదాపూర్‌కో కూకట్‌పల్లికో రోజూ బస్సులో పోయి రావడంలో ఖర్చయ్యే సమయం కంటే ఆ గంట ఎక్కువ పని చేస్తుంది.

నేను జాగ్రత్త పడమనేది పదో తరగతి తర్వాతి మలుపు దగ్గర. ఇటువంటి బడులు చాలావరకు పదితో ఆగిపోతాయి. పేరు పెట్టి పిలిచే టీచర్ల దగ్గర నుంచి పిల్లలు ఒక్కసారిగా పొద్దుటి నుంచి రాత్రి దాకా సాగే జూనియర్ కాలేజీ స్టడీ అవర్లలోకి వెళతారు, మొదటి యూనిట్ టెస్టులోనే బెంబేలెత్తుతారు. అందుకని పదో తరగతి పరీక్షలు ముగిశాక వచ్చే వేసవిలో త్రికోణమితి, వర్గ సమీకరణాలు తిరగేయించండి. హాస్టలా, డే స్కాలరా అన్నది కాలేజీలు స్వయంగా చూసి, అమ్మాయితో కలిసి తేల్చుకోండి.

ఒక్క పరిస్థితిలో మాత్రం నా సలహా మారుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే టీచర్లు ఏడాది మధ్యలో పదేపదే మారిపోతున్నారా అని పై తరగతుల పిల్లల తల్లిదండ్రులను అడగండి. అలా జరుగుతోందని తెలిస్తే టీసీ తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు; అప్పుడు కూడా ఇంటికి దగ్గరగా, లెక్కల టీచరు నిలకడగా ఉన్న బడినే వెతకండి.