ఇన్ని మీద వేసుకున్నాక ముందు ఏది దించాలి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. నేను ఉద్యోగం చేస్తాను, మా ఆయనది వ్యాపారం, పాప ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కరోనా టైమ్‌లో ఒక్కొక్కటీ మొదలుపెట్టాను. మిద్దె మీద 60 తొట్లలో తోట ఉంది. దాని మీదే ఒక వాట్సాప్ గ్రూపు పెడితే ఇప్పుడు 700 మంది అయ్యారు, అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. తోట పనుల మీద యూట్యూబ్ ఛానెల్, వారానికో వీడియో. వారంలో రెండు రోజులు ఆన్‌లైన్‌లో వీణ క్లాసు. పొద్దున ఐదున్నరకి గీతా పారాయణం క్లాసు, అదీ ఆన్‌లైన్‌లోనే. మా అపార్ట్‌మెంట్‌కి ట్రెజరర్‌ని. ఇవి కాక సంక్రాంతికి టెన్త్ బ్యాచ్ అంతా కలుద్దామనుకుంటే ఆ డబ్బు లెక్కలూ నాకే అప్పగించారు. రాత్రి పదకొండున్నరకి కూడా ఎవరో ఒకరు ఆకు ఫొటో పంపి ‘మేడమ్, ఇదేం తెగులు’ అంటారు. జవాబివ్వకపోతే నిద్ర పట్టదు, ఇస్తే ఇంకో నలుగురు అడుగుతారు. ఈ మధ్య వీణ ముందు కూర్చున్నా మనసు ఫోన్ మీదే ఉంటోంది. మొన్న మా పాప ‘నీతో మాట్లాడాలంటే నేను కూడా గ్రూపులో పోస్ట్ పెట్టాలా అమ్మా’ అంది. అన్నీ ఇష్టపడి మొదలుపెట్టినవే, ఏది మానేయాలో తేలడం లేదు. ఒక్కోసారి అన్నీ ఒకేసారి వదిలేద్దామా అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అన్నీ ఒకేసారి వదిలేయాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండమ్మా. అది విసుగులో వచ్చిన ఆలోచన కాబట్టి నిలవదు, ఒకవేళ నిలిచినా ఎండిపోయిన తొట్లనీ గుడ్డ కప్పిన వీణనీ రోజూ చూస్తూ ఇంకా బాధపడతారు.

మీరు అలసిపోతున్నది తోట వల్ల అనుకోను, వీణ వల్ల అసలే అనుకోను. వాటి చుట్టూ మీరు నలుగురికీ ఒప్పుకున్న పనులున్నాయి చూడండి, మిమ్మల్ని పీల్చేస్తున్నవి అవి. మీ తొట్లో తోటకూర మీరు కోసుకోవడం మీ ఇష్టం, 700 మందికి తెగుళ్ల డాక్టరుగా ఉండటం మాత్రం ఒప్పుకున్న పని. మొక్క ఒక పూట నీళ్లు ఆలస్యమైతే ఊరుకుంటుంది, మనుషులు ఊరుకోరు, వాళ్లు ఊరుకున్నా మన మొహమాటం ఊరుకోదు. అందుకే ‘ఎక్కువ టైమ్ దేనికి పోతోంది’ అని గంటలు లెక్కేసుకుంటూ కూర్చోకండి. ఆ లెక్కన చూస్తే వీణే ముందు పోతుంది, ఎందుకంటే దానికి కూర్చుంటే గంట. గ్రూపులో ఒక్కో జవాబుకి రెండు నిమిషాలే, కానీ ఆ రెండు నిమిషాల పని పొద్దుట్నుంచి రాత్రి దాకా తలలో కూర్చుంటుంది. ఎవరో మన జవాబు కోసం ఎదురుచూస్తున్నారన్న టెన్షన్ ఎందులో ఉందో దాన్ని ముందు దించండి.

కాబట్టి మొదట ఆ గ్రూపు. మూసేయమని చెప్పను, కష్టపడి పెంచారు, జనానికి ఉపయోగపడుతోంది కూడా. గ్రూపులో మీలాగే ఓపిగ్గా జవాబులిచ్చేవాళ్లు ఒకళ్లిద్దరు ఉండే ఉంటారు, వాళ్లకి ఫోన్ చేసి విడిగా అడగండి. అందరి ముందూ ‘ఎవరైనా బాధ్యత తీసుకుంటారా’ అంటే ఒక్కరూ పలకరు, అదే పేరు పెట్టి అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. వాళ్లు సరేనన్నాక గ్రూప్ ఇన్ఫోలో వాళ్ల పేర్ల మీద నొక్కి అడ్మిన్లను చేయండి. ఇది చేయకుండా విసుగొచ్చి ఓ రోజు మీరు బయటికి వచ్చేశారనుకోండి, ఉన్న ఒక్క అడ్మిన్ వెళ్లిపోతే వాట్సాప్ తనంతట తానే మిగిలినవాళ్లలో ఎవరో ఒకరిని అడ్మిన్‌ని చేసేస్తుంది, ఆ మనిషికి పాపం ఓ నమస్కారం పెట్టే తీరిక కూడా ఉందో లేదో. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పెట్టేలా సెట్టింగ్ మార్చవచ్చు, రోజూ ఆ పని కొత్త అడ్మిన్లు చూసుకుంటారు.

రోజూ వచ్చే ప్రశ్నలు పది రకాలకు మించి ఉండవని మీకూ తెలుసు. పిండినల్లి పట్టింది, ఆకులు పసుపుబారాయి, పూత రాలిపోతోంది, సొర పిందె కుళ్లిపోతోంది... వీటికి మీరు ఇప్పటికే వందలసార్లు చెప్పిన జవాబుల్ని ఒక్క ఆదివారం కూర్చుని ఒకచోట రాసి గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. పిండినల్లికి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీళ్లు, సాయంత్రం పూట పిచికారీ, ఇలా నాలుగు ముక్కల్లో చాలు. బెండ ఆకుల్లో ఈనెలు పసుపుబారితే అది తెల్లదోమ మోసే వైరస్, మొక్క పీకేయడమే మంచిదని కూడా రాసేయండి, ఎందుకంటే దాని మీద సగం రాత్రి చర్చ నడుస్తుంది. అక్కడే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 ఇవ్వండి. డబ్బులు పడవు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే చెప్తారు. మీరు లేకపోతే వాళ్లకి దిక్కు లేదన్న భయం మీ ఉత్తరంలో ఎక్కడో ఉంది. అంత భయం అక్కర్లేదు.

ఇక గ్రూపులో చెప్పడం. దానికే చాలామంది నెలలు తాత్సారం చేస్తారు. ఇంత చాలు: ‘అందరికీ నమస్కారం. ఉద్యోగం, ఇంటి పనుల వల్ల వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నేను జవాబులు ఇవ్వలేను. ఇకపై గ్రూపు ఫలానా వారు చూసుకుంటారు. నేను సభ్యురాలిగా ఇక్కడే ఉంటాను.’ క్షమాపణలు వద్దు, ‘వీలైతే చూస్తాను’ అన్న మాట అసలే వద్దు. ఆ ఒక్క మాట పట్టుకుని ‘మేడమ్, ఈ ఒక్కటీ’ అని విడిగా మెసేజ్ పెట్టేవాళ్లు వస్తారు. వాళ్లకి డిస్క్రిప్షన్ చూడమని మాత్రం చెప్పండి, మొదటి రెండు వారాలు మనసు పీకుతుంది, ఓర్చుకోండి.

యూట్యూబ్ సంగతి తొందరగా తేలిపోతుంది. వారానికో వీడియో అని మీకు మీరే పెట్టుకున్న గడువు తప్ప ఎవరూ అడగలేదు కదా. చేసిన వీడియోలు ఎక్కడికీ పోవు, కొత్తవి ఆపేస్తే పాతవి అలాగే ఉంటాయి, కావలసినవాళ్లు చూసుకుంటారు. మీ ఉత్తరంలో డబ్బు ప్రస్తావన లేదు కాబట్టి దాని మీద ఆధారపడలేదనే అనుకుంటున్నాను. ఒకవేళ ప్రకటనల ఆదాయం వస్తుంటే మాత్రం, ఆరు నెలలు ఏమీ పెట్టని ఛానెళ్లకి ఆ సౌకర్యం తీసేసే హక్కు యూట్యూబ్‌కి ఉంది, ఇది తెలిసి ఆపండి. ఆ ఆదాయం ఇంకా మొదలుకాకపోతే, దానికి కావలసిన 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ అన్న గీత కోసం ఆదివారాలు ధారపోయడం, ఇష్టంతో మొక్కలు పెంచే మనిషికి అవసరం లేదని నా అభిప్రాయం.

ట్రెజరర్ పని మధ్యలో వదలకండి. ఇది డబ్బు వ్యవహారం. మార్చి 31తో లెక్కలు ముగించి, జనరల్ బాడీ మీటింగులో పెట్టి, ఆమోదం తీసుకుని అప్పగించండి. బ్యాంకు ఖాతాలో మీ సంతకం మారాలంటే అసోసియేషన్ తీర్మానం కాపీ, కొత్తవాళ్ల కేవైసీ కాగితాలు అడుగుతారు, అది పూర్తయ్యేదాకా పూర్తిగా దిగిపోయినట్టు కాదు. ‘వచ్చే ఏడాది నేను ఉండను’ అని ఇప్పుడే కమిటీకి కాగితం మీద ఇచ్చేయండి, లేకపోతే మీటింగు రోజు చప్పట్లు కొట్టి మళ్లీ మీ పేరే రాసేస్తారు. బ్యాచ్ లెక్కలది అంత దిగులు పడాల్సిన విషయం కాదు, సంక్రాంతి వెళితే అదే అయిపోతుంది. ఇలా చివరి తేదీ ఉన్న పనుల్ని తట్టుకోగలం, చివరంటూ లేనివాటితోనే ప్రాణం విసుగెత్తేది.

తోట ఉంచుకోండి, కానీ 60 తొట్లు ఉద్యోగం చేసే మనిషికి ఎక్కువ. ఆకుకూరలు నెలలోపే కోతకొస్తాయి, అంటే మళ్లీ విత్తడం, మళ్లీ మట్టి కలపడం, ఆ చక్రం ఆగదు. కరివేపాకు, నిమ్మ, ఒక మల్లె, నాలుగైదు తొట్ల గోంగూర, మీకు ప్రాణమైన తీగ ఒకటో రెండో, ఇంతటితో సరిపెట్టి మిగతా తొట్లు మట్టితో సహా అడిగినవాళ్లకి ఇచ్చేయండి. ఎండాకాలం రాకముందే ఈ పని చేస్తే మేలు. మే నెలలో మీ వైపు ఎండలకి మిద్దె మీద రెండు పూటలా నీళ్లు పోయాలి, షేడ్ నెట్ కట్టాలి. ఇంకా పెంచాలని అప్పటికీ అనిపిస్తే జూన్‌లో మృగశిర కార్తె వచ్చాక చూసుకోవచ్చు.

వీణ జోలికి మాత్రం వెళ్లకండి. మీ ఉత్తరంలో ఎవరి కోసమూ చేయని పని అదొక్కటే. ఇబ్బంది ఎక్కడుందంటే, క్లాసు కూడా ఆ ఫోన్లోనే. గురువుగారు జంట స్వరాలు వాయించి చూపిస్తుంటారు, సరిగ్గా అప్పుడే స్క్రీన్ పైనుంచి ఒక మెసేజ్ జారుతుంది, మీ కన్ను వీణ మెట్ల మీద నుంచి అటు పోతుంది, వేలు తప్పుతుంది. క్లాసుకి పాత ఫోనో ల్యాప్‌టాపో వాడండి, అందులో వాట్సాప్ ఉండకూడదు. అదీ కుదరకపోతే ఆ గంటసేపు డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. రెండు క్లాసులు బరువనిపిస్తే గురువుగారితో చెప్పి ఒకటి చేసుకోండి, మిగిలిన రోజుల్లో ఇరవై నిమిషాలు సొంతంగా సాధన చేసినా చేయి పోదు.

పారాయణం గురించి ఇప్పుడే ఏమీ నిర్ణయించకండి. రాత్రి పదకొండున్నర దాకా మేలుకుని పొద్దున ఐదున్నరకి కూర్చుంటే ఏ పనైనా భారమే. ముందు రాత్రిళ్లు బాగుపడనివ్వండి. రెండు నెలల తర్వాత కూడా బరువుగానే ఉంటే క్లాసు మానేసి మీ అంతట మీరు చదువుకోవచ్చు. 12, 15 అధ్యాయాలు రెండూ 20 శ్లోకాల చొప్పునే, దీపం పెట్టుకున్నాక పది పదిహేను నిమిషాల్లో ఒక అధ్యాయం నిదానంగా అయిపోతుంది.

ఇలా ఖాళీ అయిన చోట కొత్తవి వచ్చి కూర్చోకుండా చూసుకోవాలి, పని చేసే మనిషని పేరు పడ్డవాళ్లకి ఈ బెడద తప్పదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ అని ఉంటుంది, మిమ్మల్ని ఎవరు గ్రూపుల్లో చేర్చవచ్చో అక్కడ కట్టడి చేయండి. ఎవరైనా ఫోన్లో ఏదైనా ఒప్పుకోమంటే ‘రేపు చెప్తాను’ అనండి, ఆ ఫోన్లోనే సరే అనకండి. పాప విషయం మీరే రాశారు కాబట్టి నేను పొడిగించను. గ్రూపు అప్పగించిన రోజున ఆ సంగతి మొదట తనకే చెప్పండి.

ప్రశ్న: వయసు 29, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గిటార్, కెమెరా, మంచి సైకిల్, డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొన్నాను. మూడు ఆన్‌లైన్ కోర్సులకి నెలనెలా డబ్బు కట్ అవుతోంది. ఏదీ ముట్టుకోవడం లేదు. వాటిని చూస్తేనే గిల్టీగా ఉంటోంది.

జవాబు: తమ్ముడూ, ఈ రాత్రే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి ఆ మూడు కోర్సులూ రద్దు చేయండి, కార్డు మీద ఉంటే బ్యాంకు సైట్‌లో చూడండి. నెలనెలా ఆటోమేటిగ్గా డబ్బు తీసుకునే ముందు 24 గంటలకి తక్కువ కాకుండా కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, ఆ మెసేజ్ మీకు వస్తూనే ఉండాలి, చదవకుండా పక్కకి తోసేస్తున్నారేమో చూసుకోండి.

వస్తువుల విషయంలో, ఎప్పుడో వాయిస్తానన్న ఆశతో గిటార్ గోడకి ఆనించి ఉంచితే అది రోజూ మిమ్మల్ని నిలదీస్తున్నట్టే ఉంటుంది. నాలుగింటిలో ఒకటి ఉంచుకుని మూడు అమ్మేయండి. ఏది ఉంచాలో తేలకపోతే, ఎవరికీ చూపించకుండా, ఎక్కడా పోస్ట్ చేయకుండా ఏడాది పాటు చేయమంటే దేన్ని చేస్తారో దాన్ని ఉంచండి. కెమెరా ఏడాదికేడాది ధర పడిపోయే వస్తువు, అమ్మదలిస్తే దాన్నే ముందు అమ్మండి.

ప్రశ్న: రిటైరై ఐదేళ్లయింది. రాజమహేంద్రవరం. నలభై దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాను. పిల్లలు అన్నీ మానేయమంటున్నారు. మానేస్తే నాకు తోచదు.

జవాబు: మానకండి మాస్టారూ. మీ వయసులో పొద్దున్నే పలకరించే మనుషులుండటం చిన్న విషయం కాదు. మీ పిల్లలు మీ నిద్ర గురించో కళ్ల గురించో బెంగపడుతుంటే ఆ మాట నేరుగా అడిగి తెలుసుకోండి. గోదావరి గట్టు మీద కలిసి నడిచే స్నేహితులు, పాత ఆఫీసు వాళ్లు, చుట్టాలు, ఇలా మీరు నిజంగా మాట్లాడే గ్రూపులు నాలుగైదు ఉంటాయి, వాటిని అలాగే ఉంచుకుని మిగతావి ఆర్కైవ్‌లో పెట్టేయండి. కొత్త మెసేజ్ వచ్చినా అవి పైకి రావు, తోచనప్పుడు మీరే తెరిచి చూసుకోవచ్చు. ఏదైనా గ్రూపు పూర్తిగా వదలాలనుకుంటే నలుగురిలో బాగోదేమోనని జంకకండి, 2022 నుంచి ఆ విషయం కబురుగా అడ్మిన్లకి మాత్రమే వెళుతోంది. స్టోరేజ్ అండ్ డేటా అన్న చోట ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి, ఫోన్ నిండిపోయిందని ప్రతి ఆదివారం మనవడిని బతిమాలుకునే పని ఉండదు.