పిల్లల బాధ చూసి ఏడ్చే అమ్మాయి ఎమర్జెన్సీ నర్సుగా నెగ్గుకొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతోంది. మొదటి నుంచీ మెతక మనసు. పిల్లల వార్డులో పోస్టింగ్ అయ్యాక, ఉద్యోగమంటూ చేస్తే పిల్లల ఎమర్జెన్సీలోనే చేస్తానంటోంది. మొన్న సెలవులకు వచ్చి అక్కడ చూసిన పిల్లల గురించి చెబుతూ ఏడ్చేసింది. ఇంత సున్నితమైన పిల్ల అక్కడ తట్టుకోగలదా? టీచింగ్ వైపు మళ్లించమంటారా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, అప్పుడే మళ్లించకండి. ఇంటికొచ్చాక ఏడ్చిందని రాశారు. మరి వార్డులో ఉన్నంతసేపూ ఏం చేసిందో అడిగారా? డ్యూటీలో పని సవ్యంగా చేసి, ఇంటికొచ్చాక కన్నీళ్లు పెట్టుకుందంటే అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. బిడ్డను చూడగానే కాళ్లూ చేతులూ ఆడలేదంటే అప్పుడు ఆలోచిద్దాం. అది కూడా చాలామందికి అలవాటు మీద పోతుంది.

నిజానికి క్యాజువాల్టీలో బాగా అనుభవమున్న సిస్టర్లు, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కన్నా చప్పుడు లేకుండా మెడ వాల్చేసిన బిడ్డ దగ్గరికే ముందు పరుగెత్తుతారు. గట్టిగా ఏడుస్తోందంటే కనీసం గాలి ఆడుతోందన్నమాట. బిడ్డ మీద చెయ్యి వేయకముందే చూపు ఎలా ఉంది, ఊపిరి ఎలా తీస్తోంది, ఒంటి రంగు ఎలా ఉంది అని మూడూ కంటితోనే చూసేస్తారు. ఒకసారి ముట్టుకుంటే పిల్లలు బెదిరి ఏడుస్తారు, ఇక ఆ లెక్కలన్నీ తారుమారవుతాయి.

పిల్లల మీద జాలి అందరికీ ఉంటుంది. దాన్ని పనిలో చూపించడం మాత్రం నేర్చుకోవాల్సిందే. నాలుగేళ్ల బాబుకి క్యాన్యులా (మందులు, సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టాలనుకోండి. నలుగురు పట్టుకుని మంచం మీద అదిమేస్తే పని త్వరగా అయిపోతుంది కానీ, ఆ పిల్లవాడు ఇక తెల్లకోటు కనబడితే చాలు హడలిపోతాడు. తెలిసిన సిస్టర్ అయితే పరిస్థితి అనుమతిస్తే వాణ్ని అమ్మ ఒళ్లోనే కూర్చోబెడుతుంది. ‘నొప్పేం ఉండదు’ అని అబద్ధం చెప్పదు. ‘కొంచెం చురుక్కుమంటుంది. ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు’ అంటుంది. (అన్నం తినకపోతే సూది పొడిపిస్తానని ఇళ్లలో మనం బెదిరిస్తాం చూడండి, ఆ బాకీ కూడా పాపం ఆవిడే తీర్చుకోవాలి.) మాటలు రాని పిల్లల నొప్పికి కూడా కొలత ఉంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకుంటోందా లేదా అన్న అయిదింటికీ 0 నుంచి 2 వరకు మార్కులు వేసి, మొత్తం 10కి లెక్కగడతారు.

లెక్క అన్నాను కాబట్టి ఇంకో మాట. పిల్లలకు దాదాపు ప్రతి మందూ బరువును బట్టే ఇస్తారు. జ్వరానికి పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున డాక్టర్ రాశారనుకుందాం. 10 కిలోల పాపకి 150 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 250 ఉన్న సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు పోయాలి. ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే డ్రాప్స్‌ని అదే 3 మిల్లీలీటర్లు పోస్తే డోసు రెట్టింపు. అందుకే తల్లి ‘ఇంటి దగ్గర మందు పోశానమ్మా’ అంటే, ఏ సీసాలోది, ఎన్నింటికి పోశారు అని విసుక్కోకుండా అడిగి తెలుసుకోవాలి. మీ అమ్మాయికి లెక్కలంటే చిరాకైతే ఇప్పుడే దారిలో పెట్టుకోమనండి. ఈ పనిలో నాకు ఏడుపు కన్నా లెక్కల్లో తడబాటే ఎక్కువ భయం.

ఇక తల్లిదండ్రుల సంగతి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో ఫిట్స్ రావడం తరచూ చూసేదే. తల్లి గుండెలు బాదుకుంటూ వస్తుంది. దారిలో పిల్ల చేతిలో తాళాలు పెట్టి, నోట్లో చెంచా దూర్చి తెచ్చి ఉండవచ్చు. ఆ నిమిషంలో తిట్టి లాభం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ లేకుండా చూసి, డాక్టర్‌ని పిలిచి, ‘ఎంతసేపటి నుంచమ్మా?’ అని అడగాలి. నోట్లో ఏమీ పెట్టకూడదన్న సంగతి బిడ్డ కుదుటపడ్డాక చెప్పాలి.

కొందరు పిల్లలు దక్కరు. ఇది దాచను. ఆ రాత్రి డ్యూటీ దిగాక తోటి సిస్టర్లతో కూర్చుని మాట్లాడుకునే వాతావరణం ఉన్నచోట నిలబడతారు. ‘ఇవన్నీ మామూలే’ అనే చోట మంచి నర్సులు కూడా మొద్దుబారతారు, లేదా మానేస్తారు. ఇంటర్వ్యూలో జీతంతో పాటు మూడు విషయాలు అడగమనండి: పిల్లలకు వేరే ఎమర్జెన్సీ ఉందా, రాత్రిపూట ఒక్కో నర్సుకి ఎంతమంది పిల్లలు, తల్లిని బిడ్డ పక్కన ఉండనిస్తారా.

దారి పెద్ద చిక్కేం కాదు. నాలుగేళ్లూ పూర్తయ్యాక నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఆపైన పిల్లల వార్డులోనో పీఐసీయూలోనో (పిల్లల ఐసీయూ) కనీసం ఏడాది చేస్తే మంచిదని నా సలహా. హైదరాబాద్ నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలో ఒక్క సీజన్‌లో కంటబడే కేసులు చిన్న నర్సింగ్ హోమ్‌లో ఏళ్లు చేసినా కనబడవు. బీఎల్ఎస్ (ఊపిరి, గుండె ఆగినప్పుడు చేసే ప్రాథమిక ప్రాణరక్షణ), పాల్స్ (పిల్లలకు చేసే పైస్థాయి ప్రాణరక్షణ) శిక్షణ తప్పనిసరిగా చేయించండి. పాల్స్ కార్డు రెండేళ్లకోసారి కొత్తది చేసుకోవాలి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ కావాలంటే నార్సెట్ అనే ఉమ్మడి నియామక పరీక్ష రాయాలి, అయితే ఏ వార్డు ఇస్తారో మన చేతిలో ఉండదు. తర్వాత కావాలంటే ఎమర్జెన్సీ, డిజాస్టర్ నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది, పిల్లల నర్సింగ్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. మీరన్న టీచింగ్‌కి ఆ ఎమ్మెస్సీ కూడా పనికొస్తుంది కాబట్టి ఆ తలుపేమీ మూసుకుపోదు.

ప్రస్తుతానికి చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో పిల్లల క్యాజువాల్టీ పోస్టింగ్, వీలైతే నైట్ డ్యూటీలతో సహా, కాలేజీలో అడిగి వేయించుకోమనండి. అది అయ్యాక కూడా ఇదే కావాలంటే మీరు అడ్డు చెప్పకండి.