కూరగాయల గుజ్జుకు ఆ తీపి ఎక్కడిది?

ప్రశ్న: మాది రాజోలు ప్రాంతంలోని లంక గ్రామం. మా పాపకు ఏడో నెల నడుస్తోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా ఆడపడుచు పాలకూర, క్యారెట్ పేర్లతో ఉన్న ప్యూరీ పౌచ్‌లు తెచ్చారు. వాటిపై 'చక్కెర కలపలేదు' అని ఉన్నా రుచి చూస్తే తియ్యగా ఉన్నాయి. పాప వాటిని ఇష్టంగా తింటోంది కానీ, నేను ఉడికించిన ఆనపకాయ పెడితే మొహం ముడుచుకుని ఉమ్మేస్తోంది. మా అత్తయ్యగారు అందులో కాస్త తాటిబెల్లం కలపమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీరు రుచి చూడడం మంచి పని అయిందమ్మా. ఆ తీపి సంగతి పౌచ్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పదార్థాల జాబితాలో దేని బరువు ఎక్కువైతే దాని పేరే ముందు రాయాలన్నది నిబంధన. కాబట్టి ముందువైపు పాలకూర బొమ్మ ఎంత పెద్దదిగా ఉన్నా, వెనక యాపిల్ గుజ్జు, పియర్ గుజ్జు పేర్లు మొదట వచ్చి పాలకూర మూడోదిగా కనిపిస్తే, పాప తింటున్నది చాలావరకు పండ్ల గుజ్జే. 100 గ్రాముల యాపిల్‌లో సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. గుమ్మడికాయలో దాదాపు 3 గ్రాములే. పండ్ల రసం కాన్సెంట్రేట్, అంటే నీటిని తీసేసి చిక్కబరిచిన రసం, అని కనిపిస్తే ఆ పౌచ్ కొనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి మార్గదర్శకాల్లో తేనెను, పాకాలను, పండ్ల రసాలను, కాన్సెంట్రేట్లను మనం కలిపే చక్కెరతో ఒకే గాటన కట్టింది.

తాటిబెల్లం విషయంలో అత్తయ్యగారి ఆప్యాయతను నేను అర్థం చేసుకోగలను. అన్నప్రాశన నాడు నాలుకకు రాసిన పాయసం వేరు, రోజూ కూరలో కలిపే బెల్లం వేరు. ఏ బెల్లమైనా చక్కెరే కనుక రెండేళ్లు నిండేదాకా కలపవద్దు. ఉప్పు కూడా వద్దు. తేనె అయితే ఏడాది లోపు నాకించనే కూడదు, ఎందుకంటే అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి వల్ల పసిపిల్లలకు బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇక ఆనపకాయను ఉమ్మేయడం గురించి బెంగపడకండి. పుట్టుకతోనే తీపిని ఇష్టపడే నాలుకకు మిగతా రుచులు పరిచయం కావాలి. ఒకే కూరను ఎనిమిది, పది సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసార్లు, బలవంతం లేకుండా పెట్టాక గానీ పిల్లలు ఒప్పుకోరు. బాగా ఆకలి మీద ఉన్నప్పుడు మొదటి రెండు చెంచాలు కూరదే పెట్టి చూడండి.

మీ పెరటి పాదుకు కాసిన గుమ్మడికాయ ఉంటే దుకాణం గుమ్మం ఎక్కనక్కరలేదు. చెక్కు తీసిన ముక్కలను ఇడ్లీపాత్రలో ఆవిరి మీద, గరిటె ఆనిస్తే నలిగిపోయేంత మెత్తగా ఉడికించి, కాచి చల్లార్చిన నీళ్లు ఒకటి రెండు చెంచాలు పోసి మెదిపి, చివర పావు చెంచా నెయ్యి వేయండి. ఆ పసుపు రంగులోని బీటా కెరోటిన్, అంటే శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే పదార్థం, కొవ్వు తోడైతేనే బాగా ఒంటబడుతుంది. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పలచనైతే బుజ్జి పొట్ట నిండుతుంది కానీ బలం చాలదు. కూరగాయ ఒక్కటే పూట భోజనం కాలేదు కనుక మెత్తటి అన్నం, పెసరపప్పుతో కలపండి. బీరకాయ, అరటికాయ, చిలగడదుంప, లేత తోటకూర ఇలాగే మార్చి మార్చి పెట్టవచ్చు. ఆకుకూరల గుజ్జు మాత్రం ఏ పూటకు ఆ పూటే చేయాలి. నిల్వ ఉంటే అందులోని నైట్రేట్లు పసిపిల్లలకు హాని చేసే నైట్రైట్లుగా మారగలవు.

ప్రయాణాల్లో పౌచ్ తప్పకపోతే, జాబితాలో మొదటి పేరు కూరగాయదే అయి, పండు కలవనిది ఎంచుకోండి.

ప్రశ్న: మా మనవడికి ఏడాదిన్నర. ముద్ద నోట పెడితే తినడు, పౌచ్ పీల్చడమే కావాలంటాడు. — ఒక అమ్మమ్మ, భీమవరం

జవాబు: ఈ వయసుకు గుజ్జు అవసరం తీరిపోయిందండీ. ఇంట్లో అందరూ తినే కూరనే, ఉప్పూ కారం వేయకముందు బాబు కోసం కొంచెం విడిగా తీసి పెట్టండి. పీల్చి మింగే అలవాటు వల్ల నమలడం వెనకబడుతుంది కనుక, పౌచ్‌లో ఉన్నదాన్ని గిన్నెలోకి పిండి చెంచాతో తినిపించండి. రోజురోజుకూ అందులో మెదిపిన కూర వంతు పెంచుతూ పోండి. వేలితో నొక్కితే మెత్తగా నలిగే చిలగడదుంప ముక్కలు చేతికిచ్చి, మీ పక్కనే కూర్చోబెట్టుకుని తిననివ్వండి. పచ్చి క్యారెట్ ముక్కలు మాత్రం ఇవ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.