చిన్న కోతతో మైట్రల్ వాల్వ్ ఆపరేషన్: నొప్పి ఎంత, కోలుకోవడానికి ఎన్నాళ్లు?

మీ నాన్నగారికి మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య ఉండే కవాటం) లీకు ఉందని, రొమ్ము ఎముక కోయకుండా చిన్న కోతతో చేస్తామన్నారని రాశారు. నొప్పి తక్కువే కదా, త్వరగా లేచి తిరుగుతారా అన్నది మీ ప్రశ్న.

త్వరగానే తిరుగుతారు. కానీ తగ్గేది ఎముకకు అయ్యే గాయమే. గుండెను ఆపి, హార్ట్-లంగ్ మెషిన్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీద పెట్టి, వాల్వ్‌ను బాగుచేయడం ఇందులోనూ తప్పదు. మెషిన్ మీద ఉండే సమయం మామూలు పద్ధతికన్నా కాస్త ఎక్కువే పడుతుంది.

కుడి రొమ్ము కింద, పక్కటెముకల సందులో 5 నుంచి 7 సెంటీమీటర్ల కోత పెడతారు. మెషిన్ గొట్టాలు గజ్జలోని రక్తనాళాల గుండా వెళ్తాయి. అందుకే ముందుగా సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) చేసి, గజ్జ నుంచి గుండె దాకా ధమనుల్లో సున్నం పేరుకుందేమో చూస్తారు. గజ్జ నుంచి రక్తం ఎదురు దిశలో పైకి వెళ్తుంది కాబట్టి ఆ సున్నం ముక్కలు ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అలాంటివారికి ఎముక కోసి చేయడమే మేలు, దాన్ని వెనకబాటుగా చూడకండి. మధ్యలో రక్తస్రావం ఆగకపోయినా పెద్ద కోతకు మారతారు. సంతకం పెట్టేముందు ఈ మాట అడిగి తెలుసుకోండి.

నొప్పి విషయంలోనే చాలామంది మోసపోతారు. పక్కటెముకల మధ్య నరం సాగడం వల్ల మొదటి మూడు నాలుగు రోజులు పక్కన గట్టిగానే పోటు పెడుతుంది. ఆ భయంతో దగ్గు ఆపుకుంటే కఫం ఊపిరితిత్తుల అడుగున చేరి న్యుమోనియా అవుతుంది. మాత్ర నొప్పి ముదిరాక కాదు, వేళకు వేయించండి. మింగిన ముప్పావుగంటకు, దిండును కోత మీద రెండు చేతులతో అదిమిపట్టి దగ్గించండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు స్పైరోమీటర్ (గాలి లాగితే బంతి పైకి లేచే ఊపిరి వ్యాయామ పరికరం) పీల్చాలి. బంతి ఎంత పైకి లేచిందన్నది ముఖ్యం కాదు, నెమ్మదిగా లాగి రెండు మూడు సెకన్లు ఊపిరి బిగబట్టడం ముఖ్యం.

రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య గుండె లయ తప్పి దడ రావచ్చు. ఇది తరచుగా జరిగేదే, ఎక్కువమందికి మందులతో సర్దుకుంటుంది. గజ్జ దగ్గర మెత్తటి ఉబ్బు, నీరులాంటి స్రావం కనిపిస్తే చూపించండి. కాలు చల్లబడి పాలిపోతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

అంతా సజావుగా ఉంటే ఐదారు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఎముక కోసినవారు రెండు మూడు నెలలు బరువులెత్తకూడదు, ఇక్కడ సాధారణంగా మూడు నాలుగు వారాలు చాలు. వాల్వ్‌కు రిపేరు చేస్తే వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) తరచుగా మూడు నెలలు, లోహపు వాల్వ్ పెడితే జీవితాంతం. ఆ మందు మోతాదు సరిపోతోందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తేదీ తప్పించొద్దు. పంటి పని చేయించుకునేముందు వాల్వ్ సంగతి డెంటిస్టుకు చెప్పి యాంటీబయాటిక్ అడగాలి.

ఇంకొకటి, ఇంట్లో వాళ్ల దృష్టి దాటిపోయేది. రెండో మూడో వారంలో, బాగా తిరుగుతున్న మనిషి ఉన్నట్టుండి నీరసపడి, పడుకుంటే ఆయాసం అంటే అది అలసట అనుకోవద్దు. ముఖ్యంగా వార్ఫరిన్ మీద ఉన్నవారికి గుండె చుట్టూ రక్తం, నీరు చేరి గుండెను నొక్కేయవచ్చు. ఆ రోజే వెళ్లి ఎకో (గుండె స్కానింగ్) తీయించండి.