బూరెకు తాడు కొనే ముందు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. బూరె అని పేరు పెట్టి నాటు కుక్కపిల్లను తెచ్చుకుని మంచి పని చేశావు. మన ఎండకు, ఉక్కపోతకు తట్టుకునేవి అవే. కానీ దాని మెడకు వేలాడుతున్న ఇనప గొలుసు చూశాక మనసు ఊరుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ గొలుసు తీసెయ్యి. మూడు నెలల పిల్ల మెడ మీద అంత బరువు వెయ్యకూడదు. పైగా ఎండలో ఇనుము కాలుతుంది. నవారులా అల్లిన తాడు కొను, నాలుగు అడుగులకు తగ్గకుండా, ఆరుకు మించకుండా. నూలుదైతే మేలు. నైలాన్ గట్టిదే, కానీ కుక్క ఉన్నట్టుండి లాగితే అరచేతిలో తోలు లేచిపోతుంది. బటన్ నొక్కితే లోపలికి చుట్టుకునేవి అంగట్లో చూపిస్తారు, వద్దను. ఆ సన్నటి తీగ వేళ్లను కోస్తుంది. పిడి చేయిజారితే చప్పుడు చేసుకుంటూ కుక్క వెనకే వెళ్తుంది, బెదిరిపోయిన కుక్క ఇక ఆగదు.

కొనేటప్పుడు కొక్కేన్ని చేతిలోకి తీసుకుని పదిసార్లు నొక్కి చూడు. దాని నాలుక ప్రతిసారీ టక్కున మూసుకోవాలి. మన సముద్రపు గాలికి లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. మైపాడు తీరానికి తీసుకెళ్లిన రోజు ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టు.

మెడ బెల్టుకు, మెడకు మధ్య నీ రెండు వేళ్లు దూరాలి. మూడు దూరితే తల వెనక్కి లాక్కుని బయటపడుతుంది. పిల్ల ఎదుగుతోంది కాబట్టి వారానికోసారి చూసుకో. బాగా లాగే కుక్క అయితే ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మంచిది. తాడు తగిలించే రింగు రొమ్ము ముందు ఉన్నది చూడు, లాగినప్పుడు ఒళ్లు పక్కకు తిరిగి అదే ఆగుతుంది. లాగితే మెడకు బిగుసుకునే గొలుసు మాత్రం ఎవరు చెప్పినా వెయ్యకు. గొంతు గొట్టం దెబ్బతింటుంది.

ఇక పట్టుకునే తీరు. దీన్ని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. పాతికేళ్ల క్రితం ఒక సాయంత్రం కొత్తపట్నం రోడ్డు మీద మా కుక్కతో నడుస్తున్నాను. తాడు జారకూడదని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. పక్క సందులోంచి మేకపిల్ల దూకింది, కుక్క దాని మీదికి ఉరికింది. చుట్లు బిగుసుకుని ఉంగరపు వేలు విరిగింది. ఇప్పటికీ అన్నం కలుపుకునేటప్పుడు ఆ వేలు ఒక్కటే వంగకుండా నిలబడుతుంది. కాబట్టి చేతికి, మణికట్టుకు చుట్టుకోవద్దు. పిడి ఉచ్చులో బొటనవేలు దూర్చి గుప్పిట మూసెయ్యి, మిగిలిన తాడును మడతపెట్టి అదే గుప్పిట్లో పట్టుకో. బూరె ఎడమ పక్కన నడిస్తే తాడు కుడిచేతిలో ఉండాలి.

తాడు ఎప్పుడూ బట్టలారేసే తాడులా కాస్త కిందికి వేలాడుతూ ఉండాలి. మీ తాతయ్య ఒంగోలు ఎద్దులను కట్టి బండి తోలేటప్పుడు పగ్గాలు వేళ్ల మధ్య వదులుగానే ఉండేవి. బిగపట్టి తోలితే ఎద్దు ఆ బిగువుకే అలవాటుపడి మాట వినదని అనేవారు. కుక్క కూడా అంతే. అది లాగిందా, నువ్వు ఆగిపో. తిట్టకు, వెనక్కి గుంజకు, అలాగే నిలబడు. వెనక్కి తిరిగి నీ వంక చూసి తాడు వదులు చెయ్యగానే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టి కదులు. మొదటి వారం వీధి చివరికి చేరడానికే అరగంట పడుతుంది, విసుక్కోకు. టీకాలు పూర్తయ్యేదాకా వరండాలోనే నేర్పించు.

వీధి కుక్కలు ఎదురైతే మన చేయి దానంతట అదే తాడును బిగిస్తుంది. ఆ బిగువుతో బూరెకు కూడా భయం పుడుతుంది. దూరం నుంచే చూసుకుని రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపో. ఎండాకాలంలో బయలుదేరే ముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడు. నీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. రోహిణి కార్తెలో పొద్దున ఆరులోపే తిప్పి తీసుకురా.

ఆఫీసుకు వెళ్తూ గేటుకు కట్టేసి వెళ్లే ఆలోచన ఉంటే మానుకో. కుక్కను మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచు, కట్టేసిన చోటే పెరిగిన కుక్క మనిషిని చూస్తే కరవడానికి వస్తుంది. నా కళ్లతో చూశాను. గదిలో వదిలి నీళ్లు పెట్టి వెళ్లు.

సంక్రాంతికి బూరెను తీసుకుని రా. ఆ ఇనప గొలుసు కూడా పట్టుకురా, దూడల పాక తలుపుకు వేసుకుంటాను.

మీ పెదనాన్న