భాషా సందేహాలు: ‘ఎ పేపర్’ అంటే ఏ పేపర్?

ప్రశ్న: చైనా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెబుతున్నాను. ‘పేపర్’కు బహువచనం లేదని చెప్పాను. మర్నాడే ఒకమ్మాయి ‘రీసెర్చ్ పేపర్స్’ అని ఉన్న పేజీ చూపించి ఇదేమిటంది. ఏం చెప్పను?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చెప్పింది సగమే. కాగితం అనే పదార్థమైనప్పుడే పేపర్‌ను లెక్కపెట్టకూడదు. వార్తాపత్రిక, ప్రశ్నపత్రం, పరిశోధన వ్యాసం అయితే ‘ఎ పేపర్’, ‘టూ పేపర్స్’ అని నిక్షేపంగా అనొచ్చు. గుర్తింపు పత్రాలైతే ‘పేపర్స్’ అని బహువచనంలోనే వాడాలి.

చైనీయులకు చిక్కెక్కడంటే, వాళ్ళకు ఇవన్నీ వేర్వేరు మాటలు. కాగితం ‘జి’, వార్తాపత్రిక ‘బావ్‌జి’, ప్రశ్నపత్రం ‘షిజ్యువెన్’, పరిశోధన వ్యాసం ‘లున్‌వెన్’. పైగా చైనీస్‌లో వస్తువుల పేర్లకు బహువచన ప్రత్యయం ఉండదు. అంకెకూ పేరుకూ నడుమ ఒక కొలతమాట వస్తుంది. ‘యీ జాంగ్ జి’ అంటే ఒక కాగితం. ఆ ‘జాంగ్’ పరిచినట్టుండే వాటికి వాడతారు: టికెట్టు, ఫొటో, బల్ల, మంచం. వ్యాసానికి ‘ప్యెన్’, పత్రికకు ‘ఫెన్’. ఈ కొలతమాటలు ఇంగ్లిష్‌లో చాలా పేర్లకు కనబడవు కాబట్టి విద్యార్థి వాటిని వదిలేసి తెల్లకాగితాన్ని కూడా ‘ఎ పేపర్’ అనేస్తాడు.

ఈ తప్పు మన చెవికి చిక్కదు. ‘ఒక పేపరివ్వు’ అని రోజూ అనేది మనమే కదా! అదే మాట లండన్‌లో అంటే చేతికి వార్తాపత్రిక రావచ్చు. కాగితం కావాలంటే ‘ఎ పీస్ ఆఫ్ పేపర్’ అనాలి. ఎ4 లాంటి నిండు కాగితమైతే ‘షీట్’, 500 షీట్ల కట్ట అయితే ‘రీమ్’.

పాఠం ఇలా చెప్పి చూడండి. తెల్లకాగితం, దినపత్రిక, ప్రశ్నపత్రం, అచ్చు తీసిన పరిశోధన వ్యాసం కెమెరా ముందు పెట్టండి. ముందు చైనీస్ పేరు చెప్పించండి, తర్వాత ‘టూ’ చేర్చి ఇంగ్లిష్‌లో చెప్పించండి. తెల్లకాగితం దగ్గర మాత్రమే ‘షీట్స్ ఆఫ్’ రావాలి. ‘జాంగ్’ పక్కన ‘షీట్’ రాసి చూపిస్తే ఎక్కువమందికి అక్కడే వెలుగుతుంది. కానీ వెంటనే ఇంకో తప్పు మొదలవుతుంది: పత్రికను కూడా ‘ఎ పీస్ ఆఫ్ న్యూస్‌పేపర్’ అంటారు. అది బజ్జీలు కట్టిచ్చే చింపిన ముక్క! పూర్తి పత్రిక ‘ఎ న్యూస్‌పేపరే’.

మరొకటి. ‘పేపర్ బాగా రాశాను’ అంటే మనకు పరీక్ష. అమెరికా కాలేజీలో ‘రైట్ ఎ పేపర్’ అంటే వ్యాసం రాసి తెమ్మని. అక్కడికి వెళ్ళబోయే విద్యార్థికి మన వాడుక అంటించకండి.

ప్రశ్న: నేను ‘పేపర్’ అంటే చైనా విద్యార్థులకు ‘బేబర్’ అని వినిపిస్తోందట. నా మైకు లోపమా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: మైకు బాగానే ఉంది. చైనీస్‌లో ‘ప’, ‘బ’ల మధ్య తేడా గొంతు నాదంలో లేదు, పెదవుల నుంచి వదిలే గాలిలో ఉంది. గాలి వదలని మన ‘ప’ వాళ్ళ లెక్కలో ‘బ’యే. ఇంగ్లిష్‌వాళ్ళు మొదటి ‘ప’కు గాలి బాగా వదులుతారు, రెండోదానికి వదలరు. నోటి ముందు సన్నటి కాగితం పట్టుకుని పలకండి. మొదటి ‘పే’కు అది ఎగరాలి. అలాగని పళ్ళు పెదవికి ఆనించి ‘ఫేపర్’ అనకండి. ‘పే’ను పొట్టి చేసినా ‘పెప్పర్’ అయిపోయి మిరియాలు వస్తాయి.

ప్రశ్న: ‘పేపర్ టైగర్’, ‘ఆన్ పేపర్’ లాంటివి చైనా విద్యార్థులకెలా వివరించాలి?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటిది వాళ్ళ సొత్తే: ‘జి లావ్‌హు’, కాగితపు పులి, అంటే చూపుకే భయం, లోపల బలం లేనిది. 1946లో మావో అమెరికన్ విలేకరి అన్నా లూయీజ్ స్ట్రాంగ్‌తో మాట్లాడుతూ అణుబాంబును అలా అన్నాక లోకమంతా పాకింది. ఇక్కడ లెక్క పులిదే, కాగితానిది కాదు: ‘టూ పేపర్ టైగర్స్’. పేపర్ కప్స్, పేపర్ బ్యాగ్స్ కూడా అంతే. ‘ఆన్ పేపర్’లో ‘ఎ’ గానీ ‘ద’ గానీ పెట్టనివ్వకండి. దీనికి దగ్గరి నానుడి వాళ్ళకూ ఉంది: ‘జి షాంగ్ తాన్ బింగ్’, కాగితం మీద యుద్ధం గురించి మాట్లాడడం. పుస్తకాల్లో ఎంత చదివినా క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ యుద్ధంలో చిత్తుగా ఓడిన సేనాని జావ్ క్వో పేరు ఎత్తితే చాలు, మిగతాది వాళ్ళే మీకు చెబుతారు.