డీజే కంట్రోలర్‌లో ఆడియో ఆలస్యం: అది ఎక్కడ పుడుతోందో ముందు పట్టుకోండి

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. కంట్రోలర్ మీద ప్లే నొక్కాక కొంత ఆగి గానీ పాట వినిపించడం లేదు. హెడ్‌ఫోన్‌లో చక్కగా కుదిరిన బీట్ బ్లూటూత్ స్పీకర్‌లో కుదరడం లేదు. ఎవరో చెప్పారని బఫర్ సైజును (శబ్దాన్ని సౌండ్ కార్డుకు పంపేముందు కంప్యూటర్ పోగుచేసి ఉంచే నిల్వ పరిమాణాన్ని) 128కి తగ్గిస్తే పాట చిటపటలాడుతూ తెగిపోతోంది. విండోస్ ల్యాప్‌టాప్, రెండు డెక్కుల యూఎస్‌బీ కంట్రోలర్ వాడుతున్నానని కూడా రాశారు. ఇటువంటి సామగ్రితోనే చాలా ఏళ్లుగా పాటలు కలుపుతూ, తోటివారి ల్యాప్‌టాప్‌లు కూడా సర్దిపెడుతూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ఈ మూడింటికీ మూలం ఒకటే అనుకుంటే ఎంత సేపు వెతికినా దారి దొరకదు. ఆలస్యం అనగానే అందరూ బఫర్ తగ్గించమంటారు గానీ, ఆ పని వరుసలో చివరిది.

మొదట ఒక చిన్న పరీక్ష చేయండి. స్పీకర్‌ను పూర్తిగా పక్కన పెట్టి, వైరున్న హెడ్‌ఫోన్‌ను నేరుగా కంట్రోలర్ జాక్‌లో పెట్టి, క్యూ మిక్స్ నాబ్‌ను (హెడ్‌ఫోన్‌లో క్యూ, అంటే తర్వాతి పాట ఎంత, మాస్టర్, అంటే బయటికి వెళ్లే శబ్దం ఎంత వినిపించాలో సర్దేదాన్ని) మాస్టర్ వైపు తిప్పండి. ఒక పాటలో కిక్ డ్రమ్ దెబ్బ సరిగ్గా మొదలయ్యే చోట, వేవ్‌ఫారమ్‌ను బాగా పెద్దది చేసి చూస్తూ హాట్ క్యూ (ప్యాడ్ కొట్టగానే పాట అక్కడి నుంచే మోగేలా పెట్టే గుర్తు) పెట్టుకోండి. క్వాంటైజ్‌ను ఆపివేసి, ఆ ప్యాడ్‌ను వేలితో తాళం వేసినట్టు కొడుతూ వినండి. దెబ్బ వేలికి అంటుకున్నట్టు వినిపిస్తే మీ కంట్రోలర్, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ అన్నీ బాగున్నట్టే. ఆలస్యం వాటి తర్వాతి దారిలో ఎక్కడో ఉంది. వేలు ముందు, శబ్దం వెనక అన్నట్టుంటే అప్పుడు కంప్యూటర్ లోపల వెతకాలి.

క్వాంటైజ్‌ను ఆపమన్నదానికి కారణం ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు మీరు నొక్కిన క్షణాన్ని సాఫ్ట్‌వేర్ బీట్ గ్రిడ్‌కు (పాటలో బీట్లు పడే చోట్లను చూపే గీతలకు) సర్దుతుంది కాబట్టి, ప్రతిస్పందన మందకొడిగా ఉన్నట్టు అనిపించవచ్చు. అలాగే కొన్ని సాఫ్ట్‌వేర్లలో పాత టర్న్‌టేబుల్ మోటారు మెల్లగా వేగం అందుకోవడాన్ని అనుకరించే స్టార్ట్ టైమ్ సెట్టింగ్ ఉంటుంది. అది సున్నాలో లేకపోతే ప్లే నొక్కిన ప్రతిసారీ పాట సాగుతూ మొదలవుతుంది. వీటికంటే మామూలు కారణం మరొకటి ఉంది: పాట ఫైల్ మొదట్లోనే నిశ్శబ్దం ఉండటం. ఎంపీ3 ఎన్‌కోడింగ్ పద్ధతి వల్లనే ఫైల్ ముందు కొన్ని పదుల మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది. రికార్డింగ్‌లో ఉన్న ఖాళీ దానికి అదనం. ప్లే నొక్కితే ముందుగా మోగేది ఆ ఖాళీయే. మీ మొదటి ఫిర్యాదు పాట ఆరంభం నుంచి ప్లే నొక్కినప్పుడే కనిపించి, హాట్ క్యూతో కనిపించకపోతే, అసలు ఆలస్యమే లేదన్నమాట. మొదటి బీట్ మీద క్యూ పాయింట్ పెట్టుకుంటే చాలు.

ఇక బ్లూటూత్ విషయం. దీనిపై నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది: పాటలు కలిపే పనికి బ్లూటూత్ స్పీకర్ పనికిరాదు. సాధారణ ఎస్‌బీసీ కోడెక్‌తో శబ్దాన్ని కుదించడం, ప్యాకెట్లుగా పంపడం, సిగ్నల్ తడబడినా పాట ఆగకుండా స్పీకర్ తన దగ్గర కొంత నిల్వ పెట్టుకోవడం, మళ్లీ విప్పడం అన్నీ కలిసి తరచుగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల వరకు తీసుకుంటాయి. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక్కో బీట్ నిడివి 500 మిల్లీసెకన్లు. అంటే 200 మిల్లీసెకన్ల ఆలస్యం దాదాపు సగం బీట్‌ను మింగేస్తుంది. హెడ్‌ఫోన్‌లో కొత్త పాటను ఇప్పుడే వింటూ, స్పీకర్‌లో పాత పాటను సగం బీట్ వెనకగా వింటూ ఆ రెండింటినీ చెవితో కలపడం ఎంతటి నేర్పరికైనా సాధ్యం కాదు. డీజే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ ఎంత తగ్గించినా ఈ ఆలస్యం తగ్గదు, ఎందుకంటే అది స్పీకర్ లోపల, రేడియో దారిలో ఉంది. కంట్రోలర్ మాస్టర్ అవుట్‌పుట్ నుంచి స్పీకర్ ఆక్స్ ఇన్‌పుట్‌కు వైరు వేయండి. మీ రెండో ఇబ్బంది అక్కడికక్కడే తీరుతుందని నా అంచనా. వైరు వేశాక కూడా కొంత వెనకబాటు మిగిలితే స్పీకర్‌లోని బాస్ బూస్ట్, సరౌండ్ వంటి ఎఫెక్టులను ఆపివేయండి. టీవీకి గానీ, హెచ్‌డీఎంఐతో నడిచే సౌండ్‌బార్‌కు గానీ కలిపినవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇలాంటిదే మరొక చిక్కు కూడా తరచుగా చూశాను. హెడ్‌ఫోన్ కంట్రోలర్‌కు, స్పీకర్ మాత్రం ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌కు కలిపి, సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్‌కు ఒక సౌండ్ కార్డు, క్యూకు మరొకటి ఎంచుకుంటారు. రెండు సౌండ్ కార్డులకు రెండు బఫర్లు, రెండు గడియారాలు ఉంటాయి. మొదట్లో స్థిరంగా ఉన్న తేడా గంట గడిచేసరికి మెల్లగా మారుతూ పోవచ్చు. మ్యాక్‌లో ఆ రెండు కార్డులనూ ఒకటిగా చూపే అగ్రిగేట్ డివైస్ చేసి, ఆ తేడాను సరిదిద్దే డ్రిఫ్ట్ కరెక్షన్ పెట్టే వీలుంది గానీ, కంట్రోలర్‌కే మాస్టర్ అవుట్‌పుట్ ఉన్నప్పుడు ఈ తంటా అంతా ఎందుకు? రెండు శబ్దాలూ ఒకే పరికరం నుంచి వెళ్లేలా చూసుకోండి.

హెడ్‌ఫోన్ పరీక్షలో కూడా ఆలస్యం కనిపిస్తేనే డ్రైవర్ దగ్గరకు రావాలి. విండోస్‌లో సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగులు తెరిచి ఏ మార్గం ఎంపికై ఉందో చూడండి. డైరెక్ట్‌సౌండ్, ఎంఎంఈ వంటి పాత మార్గాలు ఉంటే అక్కడే ఆలస్యం పోగవుతుంది. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఆసియో (ASIO) పద్ధతి విండోస్ మిక్సర్‌ను తప్పించి, ప్రోగ్రామ్‌ను సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడనిస్తుంది. మీ కంట్రోలర్ తయారీదారు ఇచ్చే ఆసియో డ్రైవర్‌ను విడిగా డౌన్‌లోడ్ చేసుకుని పెట్టుకోవాలి. కంట్రోలర్‌ను తగిలించగానే విండోస్ తనంతట తాను గుర్తుపట్టింది కదా అని ఆగిపోకండి. తయారీదారు డ్రైవర్ ఇవ్వకపోతే విండోస్‌లోనే ఉండే వాసాపి (WASAPI) ఎక్స్‌క్లూజివ్ మోడ్, అదీ కుదరకపోతే ఆసియో4ఆల్ (ASIO4ALL) అనే ఉచిత డ్రైవర్ ప్రయత్నించవచ్చు. మ్యాక్‌లో దాని సొంత ఆడియో వ్యవస్థ అయిన కోర్ ఆడియో ఈ పనిని తానే చూసుకుంటుంది. విండోస్ డిఫాల్ట్ సౌండ్ పరికరంగా మాత్రం కంట్రోలర్‌ను ఉంచకండి. బ్రౌజర్ నోటిఫికేషన్ మోత కూడా మాస్టర్‌లోంచి బయటికి వస్తుంది.

ఇప్పుడు బఫర్ లెక్క. దాన్ని శాంపిళ్లలో, అంటే డిజిటల్ శబ్దంలోని ఒక్కో కొలతలో లెక్కిస్తారు. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో 1024 శాంపిళ్ల బఫర్ అంటే 23.2 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6, 256 అంటే 5.8, 128 అంటే 2.9. వాస్తవంలో చెవికి చేరే ఆలస్యం దీనికంటే కొంత ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే డ్రైవర్ సాధారణంగా ఒకటికి మించి బఫర్లు వాడుతుంది, యూఎస్‌బీ, డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే చిప్ కూడా తమ వంతు కలుపుతాయి. పోల్చి చూసుకోవడానికి మరో అంకె గుర్తుంచుకోండి: శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 10 మీటర్ల దూరంలోని స్పీకర్ శబ్దం మీ చెవికి చేరేసరికే 29 మిల్లీసెకన్లు పడుతుంది. 1024 బఫర్ కంటే ఇది ఎక్కువ! పెద్ద హాల్లో దూరపు స్పీకర్‌ను నమ్ముకుని బీట్ కలిపేవారు బఫర్‌తో కుస్తీ పట్టడంలో అర్థం లేదు. పక్కనే ఒక మానిటర్ స్పీకర్ పెట్టుకోవాలి, లేదా హెడ్‌ఫోన్‌లోనే మాస్టర్‌ను కూడా కలిపి వినాలి.

కేవలం ఒక పాట నుంచి మరో పాటకు మారేవారికి 512 సరిపోతుందని నా అనుభవం. ప్యాడ్ల మీద డ్రమ్ములు వాయించేవారు 256కు దిగితే తేడా తెలుస్తుంది. స్క్రాచ్ చేసేవారు మాత్రం 128 కోసం పట్టుబట్టడంలో న్యాయం ఉంది. టైమ్‌కోడ్ వినైల్ (టర్న్‌టేబుల్ మీద తిప్పి సాఫ్ట్‌వేర్‌ను నడిపించే రికార్డు) వాడితే శబ్దం లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి బఫర్ దాటాలి కనుక అక్కడ ప్రతి మిల్లీసెకనూ రెండింతలుగా తోస్తుంది. శాంపిల్ రేటును 96,000కు పెంచితే ఆలస్యం సగమవుతుందన్న సలహా లెక్కప్రకారం నిజమే గానీ, ప్రాసెసర్ మీద భారం కూడా అదే లెక్కన పెరుగుతుంది. అదే బఫర్‌ను సగానికి తగ్గించడం దీనికంటే సులువు.

128 దగ్గర మీకు చిటపటలు రావడానికి ల్యాప్‌టాప్ వేగం చాలకపోవడమే కారణం అని తేల్చేయకండి. ప్రాసెసర్ సగటు వాడకం 20 శాతమే ఉన్నా చిటపటలు రావచ్చు. ఆడియో ప్రోగ్రామ్‌కు ప్రతి 2.9 మిల్లీసెకన్లకూ ఒకసారి ప్రాసెసర్ దొరికి తీరాలి. ఆ సమయంలో వేరే డ్రైవర్ ఏదైనా, కౌంటర్ దగ్గర చేరి కబుర్లలో పడిన మనిషిలా, దాన్ని వదలకుండా పట్టుకుంటే బఫర్ ఖాళీ అయిపోతుంది. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి డ్రైవర్ ఫైళ్ల పేర్లు చూపుతుంది. ఒక మిత్రుడి ల్యాప్‌టాప్‌లో కొన్ని సెకన్లకొకసారి సన్నటి టిక్కుమనే శబ్దం వచ్చేది. బఫర్ పెంచితే తగ్గేది గానీ పూర్తిగా పోయేది కాదు. లేటెన్సీమాన్‌ను పాట మోగుతుండగా నడిపితే జాబితా పైన వైఫై అడాప్టర్ డ్రైవర్ కనిపించింది. డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్‌ను నిలిపివేయగానే, పాట ఇంకా మోగుతుండగానే, టిక్కులు ఆగిపోయాయి. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ వచ్చాయి. డ్రైవర్ కొత్త వెర్షన్ పెట్టాక వైఫై ఆన్‌లో ఉన్నా అదే యంత్రం 256లో నిశ్చింతగా నడిచింది.

కనుక బఫర్ దించేముందు ఇల్లు సర్దుకోవాలి. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు కలిపి, పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, దాని అధునాతన సెట్టింగులలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను డిసేబుల్ చేయండి. కంట్రోలర్‌ను హబ్ ద్వారా కాకుండా ల్యాప్‌టాప్ పోర్టుకే నేరుగా కలపండి. అవసరం లేనప్పుడు వైఫైని, బ్లూటూత్‌ను ఆపివేయండి. పాటలన్నిటి విశ్లేషణను ముందే పూర్తిచేసి ఉంచుకోండి; పాటలు వేస్తున్న సమయంలో కొత్త పాటను విశ్లేషించడం, గాత్రాన్ని, వాద్యాలను అప్పటికప్పుడు విడదీసే స్టెమ్స్ వాడటం ప్రాసెసర్‌కు బరువైన పనులు. వేగం మార్చినా పాట శ్రుతి మారకుండా ఉంచే కీ లాక్ కూడా తేలికైనదేమీ కాదు. ఆ తర్వాత 1024తో మొదలుపెట్టి, రెండు డెక్కులూ నడుస్తుండగా, కీ లాక్, ఒకటి రెండు ఎఫెక్టులు ఆన్‌లో ఉంచి, ఒక్కో మెట్టు దిగండి. చిటపట మొదలైన చోటు నుంచి ఒక మెట్టు పైకి ఎక్కి అక్కడ ఆగండి. మిక్స్ (Mixxx) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్ వాడేవారికైతే సౌండ్ హార్డ్‌వేర్ సెట్టింగులలో బఫర్ ఎన్నిసార్లు ఖాళీ అయిందో అంకె రూపంలో కనిపిస్తుంది కాబట్టి చెవి మీద ఆధారపడనక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, ఆలస్యమని పొరపడే మరో సంగతి ఉంది. లైబ్రరీని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి మార్చినప్పుడు కొన్ని ఎంపీ3 పాటల బీట్ గ్రిడ్ సుమారు 26 మిల్లీసెకన్లు జరుగుతుంది. ఫైల్ మొదట్లోని ఫ్రేమ్‌ను ఒక ప్రోగ్రామ్ లెక్కలోకి తీసుకోవడం, మరొకటి వదిలేయడం దీనికి మూలం. ఒక ఎంపీ3 ఫ్రేమ్‌లో ఉండే 1152 శాంపిళ్లు 44,100 రేటులో సరిగ్గా ఆ నిడివికే వస్తాయి. రెండు పాటల బీట్లను సాఫ్ట్‌వేరే కలిపే సింక్ బటన్ నొక్కినా కొన్ని పాటలు మాత్రమే రెండు కిక్కులు పక్కపక్కన పడ్డట్టు వినిపిస్తే ఆ పాటల గ్రిడ్‌ను సరిచేయండి, ఆడియో సెట్టింగుల జోలికి పోకండి.

మీరు ముందు వైరున్న హెడ్‌ఫోన్‌తో ప్యాడ్ పరీక్ష చేసి, తర్వాత స్పీకర్‌కు వైరు వేసి చూడండి. అప్పటికీ ఆలస్యం మిగిలితే సాఫ్ట్‌వేర్‌లో ఎంపికైన డ్రైవర్ పేరు, చిటపట మొదలయ్యే బఫర్ సైజు, లేటెన్సీమాన్ జాబితాలో పైనున్న ఫైల్ పేరు రాయండి. ఆ మూడూ తెలిస్తే తర్వాత ఎక్కడ చేయి పెట్టాలో చెప్పగలను.